సంజయ్ దిద్దిన కళ్ళు

"పాప కంట్లో ఈ తెల్లటి మెరుపు మొదటిసారి ఎప్పుడు కనిపించిందమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

షీబా నోరు విప్పేలోగానే ఆమె అత్తగారు జ్ఞానసుందరి చేతిసంచీలోంచి ఆల్బం తీసి బల్ల మీద పెట్టేసింది. "మొన్నమొన్నటిదాకా ఏటీ నేదండమ్మా. మీరే సూడండి. పాప పుట్టింది మొదలు దాని మేనమావే తీసినాడు ఈ ఫొటోలన్నీ. అదుగో, తలుపుకాడ నిలబడ్డాడే, ఆ సంజయే. కళ్ళు ఎంత నల్లగా నిగనిగలాడతన్నాయో సూడండి."

డాక్టరమ్మ ఒక్కో పేజీ తిప్పింది. మూడు నెలల దీవెన, తొమ్మిది నెలల దీవెన, అట్ట కిరీటం పెట్టుకుని కేకు ముందు కూర్చున్న ఏడాది దీవెన. ఇప్పుడా పిల్లకి ఏడాదిన్నర. తల్లి ఒళ్ళో కూర్చుని, తన గురించి ఇంత గొడవ జరుగుతోందని తెలియక, బల్ల మీది టార్చిలైటు కోసం చెయ్యి చాపుతోంది.

"ఆరు నెలల కిందట కూడా కన్ను ఇంత శుభ్రంగా ఉందా? అయితే లోపలి గడ్డ ఈ ఆరు నెలల్లోనే ఇంత పెరిగిందన్నమాట," అని డాక్టరమ్మ రాసుకోవడానికి పెన్ను తీసింది.

గడ్డ! ఆ మాట చెవిన పడగానే షీబా మొగుడు ఇమ్మానుయేలు గోడ పట్టుకున్నాడు. సంజయ్‌కైతే భయం రెండింతలైంది. మేనకోడలి కంట్లో గడ్డ ఉందన్న భయం ఒక ఎత్తు. ఆ ఆల్బంలో దీవెన కుడికన్ను ఒక్కటంటే ఒక్కచోట కూడా నిజమైనది కాదని ఆ గదిలో తనొక్కడికే తెలియడం ఇంకో ఎత్తు.

అదెలా జరిగిందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. సంజయ్ చీపురుపల్లి స్టేషన్లో టికెట్లిచ్చే గుమాస్తా. మంచివాడు, కానీ కెమెరా పిచ్చోడు. మొదట్లో ఫోనుతో తీసేవాడు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద ముసలివాళ్ళని కూర్చోబెట్టి వాళ్ళ ముడతలు తీసేవాడు. డేవిడ్‌రాజు తాతగారైతే తన ఫొటో చూసుకుని, "ఒరే, నేనింత అందగాణ్ణని మీ అవ్వ బతికుండగా సెప్పలేదేట్రా" అని మురిసిపోయాడు. అక్కణ్ణించి పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, సంఘం మీటింగులు. ఎవరు పిలిచినా వెళ్ళేవాడు, తీసేవాడు. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మొటిమలు చెరిపేవాడు, నీడలు తీసేవాడు, ఎర్రబడిన కళ్ళు నల్లగా దిద్దేవాడు. ఫ్లాషు పడితే ఫొటోలో కళ్ళు ఎర్రగా రావడం మామూలే కదా. కళ్ళు దిద్దడంలో తనకి సాటి లేరని అతని నమ్మకం. పదిమందీ అదే అనేవారు కూడా.

దీవెనకి మూడు నెలలు నిండాక చర్చిలో ప్రతిష్ఠ చేశారు. వాళ్ళ బాప్టిస్టు సంఘంలో పసివాళ్ళకి బాప్తిస్మం ఇవ్వరు. పెద్దయ్యాక తామే నమ్మి నీళ్ళలో మునగాలి. పసిబిడ్డని మాత్రం పాస్టరుగారు రెండు చేతుల్లోకీ తీసుకుని, పైకెత్తి, దేవుడికి అప్పగిస్తారు. సరిగ్గా ఎత్తిన ఆ క్షణాన సంజయ్ ఫోను ఫ్లాషు కొట్టింది. ఇంటికొచ్చి చూస్తే ఎడమకన్ను అందరిలాగే ఎర్రగా ఉంది. కుడికన్ను మాత్రం చీకట్లో పిల్లికన్నులా తెల్లగా మెరుస్తోంది.

"ఛీ, దిక్కుమాలిన ఫోను!" అనుకున్నాడు. ఎడమకన్ను నలుపు దిద్ది, దాన్నే కాపీ చేసి, తిరగేసి, కుడికన్ను మీద అతికించాడు. చుట్టాలందరికీ పంపాడు. అందరూ ముద్దులు, దండాలు పంపించారు.

ఆ ఫోను మీద కోపంతోనే విజయనగరం వెళ్ళి ఒక పాత కెమెరా కొన్నాడు. క్రిస్మస్‌కి తీస్తే మళ్ళీ ఆ తెల్లమచ్చ. సెకండ్ హ్యాండు సరుకు ఇలాగే ఏడుస్తుందనుకుని ఖరీదైన లెన్సు కొన్నాడు. మళ్ళీ అదే. లెన్సుది కాదు, ఫ్లాషుదే తప్పనుకుని దాన్నీ మార్చాడు. చివరికి పుట్టినరోజు నాటికి కెమెరానే మార్చి, కొత్త మోడలుది తెచ్చాడు. ఆడలేక మద్దెల ఓడన్నదట ఒకతె. ఈ పెద్దమనిషి ఒకదాని తర్వాత ఒకటిగా నాలుగు మద్దెలలు మార్చాడు! మార్చినప్పుడల్లా ఆ మచ్చ ఇంకాస్త స్పష్టంగా వచ్చింది. అతను ఇంకాస్త నేర్పుగా దిద్దాడు.

ఒరే నాయనా, పాప కనురెప్ప వెంట్రుకలు లెక్కపెట్టేంత స్పష్టంగా చూపించే కెమెరా ఆ ఒక్క కంటి దగ్గరే అబద్ధమాడుతుందట్రా? పక్కన కూర్చున్న పిల్లలెవరికీ లేని తెలుపు నీ మేనకోడలికే, అదీ ఎప్పుడూ కుడికంట్లోనే ఎందుకు వస్తుందట్రా? ఈ మాట అడిగే మనిషే లేకపోయాడు. దిద్దకముందు ఫొటోని అతను ఎవరికైనా చూపిస్తే గదా. వంటవాడు మసిగుడ్డ విస్తట్లో పెడతాడా?

ఇంతలో షీబాకి అనుమానం వచ్చింది. నెల్లిమర్లలో వాళ్ళ ఇంట్లో, సాయంత్రం లైటు వేసే వేళకి, చంకలో పిల్ల గుమ్మం వైపు తల తిప్పినప్పుడు కంట్లో ఏదో తళుక్కుమన్నట్టు కనిపించింది. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. మిల్లునుంచి వచ్చిన మొగుడితో చెప్పింది, అత్తతో చెప్పింది.

జ్ఞానసుందరి వెంటనే ఆల్బం తెరిచింది. "ఏటే, నీకేటైనా సాదస్తమా? ఇంత పెద్ద కెమెరాకి కనిపించనిది నీకు కనిపించీసిందేటి? బంగారంలాటి పిల్లకి వంకలు పెట్టకు. నీ కళ్ళే సూపించుకో."

అందరూ అదే అన్నారు. సంజయ్‌కి ఈ సంగతి చెబితే అతను నవ్వి, "ఫ్లాషు పడితే అలాగే వస్తాదే, నేను దిద్దీసినాను" అనుండేవాడేమో, అప్పుడైనా గుట్టు బయటపడేదేమో. కానీ ఆ మాట అతనిదాకా రానేలేదు. ఇమ్మానుయేలు పెళ్ళాన్ని కళ్ళజోళ్ళ షాపుకి తీసుకెళ్ళాడు. ఏదో చిన్న పవరుందన్నారు. పాపం, షీబా అద్దాలు పెట్టుకుని, తన కళ్ళదే తప్పనుకుని నోరు మూసుకుంది. టీకా వేయడానికొచ్చిన నర్సు అనూరాధ, "పాప చూపు వారగా పోతోంది, వెంటనే విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి" అని గట్టిగా చెప్పేదాకా అంతే.

ఇప్పుడా పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ పెన్ను కాగితం మీద కదులుతోంది. ఆరు నెలలు అని రాస్తోంది.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన సంజయ్‌కి రాలేదని అబద్ధమెందుకు చెప్పాలి, వచ్చింది. కానీ ఆ కాగితం మీద పడే తప్పు మళ్ళీ దీవెన మీదికే పోతుంది.

"మేడం, రాయకండి." సంజయ్ తలుపు వదిలి బల్ల దగ్గరికొచ్చాడు. "ఆ కన్ను పాపది కాదు. నేను అతికించింది. మొదటి ఫొటోనుంచీ తెల్లగానే ఉంది. నేనే దిద్దాను."

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. డాక్టరమ్మకి మాత్రం అర్థమైంది. పెన్ను కింద పెట్టేసింది. "దిద్దకముందువి ఉన్నాయా?"

"ఉన్నాయి. ఒక్కటీ తీసెయ్యలేదు." ఫోనులో దాచుకున్నది ఒకటి తీసి చూపించాడు. పాస్టరుగారి చేతుల్లో మూడు నెలల పసిగుడ్డు. ఒక కన్ను ఎర్రగా, ఒక కన్ను తెల్లగా.

"పదిహేను నెలలు," అంది డాక్టరమ్మ మెల్లగా. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఫొటోలో తెల్లగా మెరిసిన ప్రతి కన్నూ ఈ జబ్బు కాదని, కానీ ఒక్కసారి కనిపించినా కళ్ళ డాక్టరుకి చూపించి తీరాలని చెప్పింది. త్వరగా వచ్చుంటే కన్ను నిలబెట్టడానికి ప్రయత్నం చేసేవాళ్ళమంది. ఇది కంటి క్యాన్సరు, ఇప్పుడు పాప ప్రాణం దక్కాలంటే ఆ కన్ను తీసెయ్యాలంది.

జ్ఞానసుందరి "యేసయ్యా!" అని కుర్చీలో కూలబడింది. ఇమ్మానుయేలు బావమరిది చొక్కా పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు కొట్టలేక, వదల్లేక, ఆ చొక్కాలోనే మొహం పెట్టి ఏడ్చేశాడు.

షీబా ఏడవలేదు. ఆ ఫోనునే చూస్తోంది. "అన్నియ్యా, నేను పిచ్చిదాన్నైపోయాననుకున్నాను. నా బిడ్డ కళ్ళలోకి సూడ్డానికి భయపడ్డాను, నాకే ఏటో కనిపిస్తన్నాదని. నీకు ముందే తెలుసా?"

"తెలీదే. కెమెరాది తప్పనుకున్నాను."

"నా కళ్ళది తప్పన్నారు, నీ కెమెరాది తప్పన్నావు," అంది షీబా. పిల్లని ఎత్తుకుని స్కానింగు గది వైపు నడిచింది. అన్నని వెంట రమ్మనలేదు.

మర్నాడు ఉదయం సంజయ్ ఇంట్లో కూర్చుని, డాక్టరమ్మ అడిగిన అసలు ఫొటోలు పెన్‌డ్రైవులోకి ఎక్కిస్తున్నాడు. ఉన్నట్టుండి ఒక సంగతి తట్టింది. తను దిద్దింది ఒక్క దీవెన కళ్ళేనా? ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని పండగలు, ఎంతమంది పిల్లలు!

హార్డ్ డిస్కులో దిద్దకముందు ఫొటోలన్నీ తెరిచాడు. ఎర్రకళ్ళు, ఎర్రకళ్ళు, మళ్ళీ ఎర్రకళ్ళు. జన్మలో ఎర్రకళ్ళని చూసి అంత సంతోషించలేదు. అలా మధ్యాహ్నం దాకా చూసుకుంటూ పోయి ఒక చోట ఆగిపోయాడు. నౌపడ అవతల సముద్రపు ఒడ్డున ఒక పల్లెలో కొత్త పడవ దింపిన రోజు అది. పసుపు రాసిన పడవ ముందు తాత భుజం మీద రెండేళ్ళ గుంటడు. ఒక కన్ను ఎరుపు. రెండోది తెలుపు.

పక్కనే దిద్దిన ఫొటో ఉంది. రెండు కళ్ళూ నల్లగా, చక్కగా ఉన్నాయి. ఫ్రేము కట్టించి తనే ఇచ్చి వచ్చాడు.

ఆ తెల్లకన్ను ఫొటోని ఫోనులోకి ఎక్కించుకుని, ల్యాప్‌టాప్ మూయకుండానే లేచాడు. దొరికిన రైలెక్కి నౌపడలో దిగి, ఆటో పట్టుకుని ఎండ వాలకముందే ఆ పల్లెలో జోగయ్య గుమ్మం ముందు నిలబడ్డాడు. జోగయ్య వల అల్లుతున్నాడు. అతని భార్య లక్ష్మణమ్మ ఎండు చేపలు గంపకెత్తుతోంది. మనవడు యుగంధర్ ఇసకలో పీతని తరుముతున్నాడు.

"ఓలమ్మో, ఫొటో బాబు వచ్చీసినాడు!" అంది లక్ష్మణమ్మ సంబరంగా.

సంజయ్‌కి కూర్చునే ఓపిక కూడా లేదు. "మావా, మనవడి కన్ను డాక్టరుకి చూపించాలి. ఎడమకన్ను. ఇవాళే."

జోగయ్య నవ్వేశాడు. "ఏటి బాబూ, ఎండదెబ్బ తగిలినాదేటి? ఈడి కళ్ళకేటి? నువ్వు తీసిన ఫొటోయే సాచ్చికం. అదుగో, గోడకి తగిలించినాం. సూడు, ఎంత బావున్నాయో."

నిన్న ఆసుపత్రిలో జ్ఞానసుందరి అన్నది కూడా ఇదే. తను దిద్దిన అబద్ధం గోడెక్కి కూర్చుని తనతోనే వాదిస్తోంది.

"ఆ ఫొటో అబద్ధం మావా. ఎడమకన్ను వాడిది కాదు, నేను అతికించింది. అసలుది ఇదీ." ఫోను చూపించాడు. వల అల్లే చెయ్యి ఆగింది. సంజయ్ దీవెన సంగతంతా చెప్పాడు, తీసెయ్యబోయే కన్ను సంగతితో సహా. "వీడిది ఆ జబ్బే అని నేననను. కాకపోవచ్చు. కానీ చూపించాలి."

జోగయ్య మొహం నల్లబడింది. "నిక్షేపంలాటి గుంటడికి రోగం అంటగడతావేటి? లెగు ఇక్కణ్ణించి!"

లక్ష్మణమ్మ చేతులు చీరకి తుడుచుకుని మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఎడమకంటి మీద చెయ్యి మూసింది. వాడు పీతని చూస్తూ కిలకిల నవ్వాడు. చెయ్యి తీసి కుడికన్ను మూసింది. వాడు కెవ్వుమని, రెండు చేతులా అవ్వ చెయ్యి పీకెయ్యబోయాడు. మళ్ళీ ఎడమకన్ను మూసింది. వాడు ఊరుకున్నాడు. మళ్ళీ కుడికన్ను మూసింది. మళ్ళీ కెవ్వుమన్నాడు.

జోగయ్య చేతిలోంచి వల జారిపోయింది.

"మొహం కడగడానికి పోతే ఇలాగే ఏడుస్తాడు," అంది లక్ష్మణమ్మ. "పేసీ అనుకున్నాను. రెండు దెబ్బలు కూడా ఏసినాను." తలెత్తి సంజయ్‌ని చూసింది. "బాబూ, ఇలాగ ఎంతమంది గుంటల కళ్ళు దిద్దినావు?"

"తెలీదు అత్తా. సగమే చూశాను. వీడు కనిపించగానే వచ్చేశాను."

లక్ష్మణమ్మ మనవణ్ణి చంకనెత్తుకుని లేచింది. "అయితే మమ్మల్ని బండెక్కించీసి నువ్వు ఎలిపో. మిగతా సగం సూడు," అంది.