పుట్టకముందు పంపని కాగితం

ఎల్సీ హాల్‌స్టెడ్ తప్పల్లా ఒక్కటే. ప్రసూతి భత్యం కాగితాన్ని బిడ్డ పుట్టాక పంపింది. కాన్పుకి పదకొండు వారాల ముందే పంపాలని ఆ కాగితం మీదే అచ్చేసి ఉంది. కాబట్టి ఆ పదకొండు వారాల భత్యమూ పోయినట్టేనని ఆఫీసువాళ్ళు తేల్చేశారు. ఆమె అప్పీలు పెట్టుకుంది. ఆ డబ్బు చేతికొస్తే ఇంకో పదకొండు వారాలు బిడ్డతో ఇంట్లో ఉండొచ్చు. రాకపోతే వచ్చే సోమవారం నుంచి మిల్లులో ఆరు మరమగ్గాల మధ్య నిలబడాలి. అప్పటికి పిల్లవాడికి రెండు నెలలు.

అది 1954. లాంకషైర్‌లోని ఆ నేతమిల్లుల ఊళ్ళో కడుపుతో ఉన్నవాళ్ళు పిల్లల బండి కొంటారు గాని ఇంటికి తెచ్చుకోరు. ముందే తెస్తే అరిష్టమని, డబ్బు కట్టి షాపులోనే వదిలేస్తారు. బిడ్డ ఏడుపు విన్నాకే బండి గడప దాటుతుంది. ఎల్సీ అత్త ఆనీ లెక్కలో సర్కారు కాగితానికీ అదే పద్ధతి.

"పుట్టని బిడ్డకి తారీఖు రాసి ఊరంతా చాటడమేంటే, బాగుంది సంబడం" అని ఆవిడ కాగితాన్ని సొరుగులో పడేసింది. ఎల్సీ దాన్ని బయటికి తీయలేదు. ఆమెకీ భయమే మరి.

అప్పీలు విచారణ రోజు యూనియన్ కార్యదర్శి హిందిల్ మెట్లెక్కుతూ పాఠం చెప్పాడు.

"ఒంట్లో బాలేక మంచం పట్టానని చెప్పమ్మాయ్. డాక్టరు చేత రెండు ముక్కలు రాయిస్తా. ఆ బండి గొడవ మాత్రం ఎత్తకు. అధ్యక్షుడు లాయరు, పైగా మన ఊరివాడు కాదు."

"నేను గుండ్రాయిలా ఉన్నానుగా, హిందిల్ గారూ."

"నిన్నెవరడిగారు?"

"ఆయన అడుగుతాడుగా."

అడిగాడు కూడా. బల్ల వెనక ముగ్గురు మగాళ్ళు. మధ్యన లాయరు, ఒక పక్క యజమానుల తరఫున మిల్లు మేనేజరు క్రాబ్‌ట్రీ, రెండో పక్క కార్మికుల తరఫున ఒక రైల్వే ఉద్యోగి. కాన్పుల సంగతి తేల్చడానికి భలే మనుషులు.

"ఒంట్లో బాగాలేక ఆలస్యమైందా?" అన్నాడు లాయరు.

హిందిల్ దగ్గాడు. మోస్తున్న రోజుల్లో జబ్బుపడ్డానని అబద్ధమాడితే అది బిడ్డకే తగులుతుందని ఎల్సీకి అనిపించింది.

"లేదండి. బాగానే ఉన్నాను."

"గడువు తెలీదా?"

"తెలుసండి."

లాయరు ఫైలు తిరగేశాడు. "మూడేళ్ళ కిందట సరిగ్గా వేళకే పంపారు. భత్యమూ అందుకున్నారు. ఇప్పుడేమొచ్చింది?"

"అప్పుడు డబ్బులొచ్చాయండి. బిడ్డ దక్కలేదు."

క్రాబ్‌ట్రీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఈ ఊళ్ళో అంతేనండీ, మా ముగ్గురు పిల్లలప్పుడూ బండి షాపులోనే ఉంచాం. మా ఆవిడ ఒప్పుకుంటేగా" అన్నాడు లాయరుతో.

లాయరు చాలాసేపు ఏదో రాసుకున్నాడు. ఎల్సీకి ఆశ పుట్టింది.

శుక్రవారం ఉత్తరం వచ్చింది. గడువు తెలిసి కూడా పాటించలేదనీ, నమ్మకం తగిన కారణం కాదనీ రాసి ఉంది. ముగ్గురిదీ ఒకే మాట.

ఎల్సీకి ఒళ్ళు మండింది. లాయరు మీద కాదు, అతనికేం తెలుసు. క్రాబ్‌ట్రీ మీద.

"పైన కమిషనర్ ఉన్నాడు, ఆయనకి రాద్దాం. ఆర్నెల్లు పట్టొచ్చు" అన్నాడు హిందిల్.

"రాయండి. వీడి మొదటి పుట్టినరోజుకి ఇంట్లో ఉంటానేమో చూద్దాం."

"ఈసారి కడుపొస్తేనైనా ముందు పంపుతావా?"

"పంపను."

సోమవారం ఆమె పనిలోకి వెళ్ళింది. పిల్లవాణ్ణి అత్త చేతిలో పెట్టి వెనక్కి తిరిగి చూడలేదు, చూస్తే కాలు కదలదని. పదింటికి, వాడు పాలు తాగే వేళకి, ఆమె గౌను ముందంతా తడిసింది. పక్క మగ్గాల మీది ఆవిడ చూసి తన మెడలోని తువ్వాలు తీసి ఇచ్చింది. ఎల్సీ దాన్ని గౌనులోకి దోపుకుని, ఆగిన మగ్గానికి కొత్త నూలు కండె వేసింది.