కట్ట కింది ఇండ్లు

ఐరాల దగ్గర గుండ్లవంక ఆనకట్టకు యాభై రెండేళ్లు నిండాయి. దాని ప్రమాద తరగతిని మళ్లీ నిర్ణయించే పని కొత్తగా వచ్చిన ఇంజనీరు కోమలి మీద పడింది. పాత కాగితంలో ‘తక్కువ ప్రమాదం’ అని ఉంది. కట్ట తెగితే మునిగేవి పొలాలే అని కారణం రాశారు.

కోమలి ఆ కాగితం పట్టుకుని, గేట్లు చూసుకునే పీరా సాహెబుతో కలిసి వంక వెంబడి కిందికి నడిచింది. ఒకప్పటి చెరుకు తోటల్లో ఇప్పుడు వీధులున్నాయి. రెండు వందల పన్నెండు ఇండ్లు, ఒక బడి, కోళ్ల ఫారం, పాలకేంద్రం. తాను ఉద్యోగంలో చేరినప్పుడు ఇక్కడ కాపలా గుడిసె ఒక్కటే ఉండేదని పీరా సాహెబు చెప్పాడు.

ఆమె ‘అధిక ప్రమాదం’ అని రాసి పంపింది. పై అధికారి ధనంజయ చిత్తూరుకు పిలిపించాడు. కట్ట గట్టిగానే ఉందని మొన్ననే పరీక్షలో తేలింది కదా, ఇట్లా రాస్తే జనం బెదిరిపోతారని అన్నాడు.

“కట్ట గట్టిదే సార్. ఈ తరగతి కట్టను చూసి ఇచ్చేది కాదు, కింద ఉండే మనుషుల్ని చూసి ఇచ్చేది.”

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి సంతకం పెట్టాడు. ఊరికి మాత్రం నువ్వే చెప్పుకోవాలన్నాడు.

ఊరివాళ్లు బడి ముందర కూడారు. పాలకేంద్రం నడిపే వసంతమ్మ ఇల్లు వంకకు అందరికన్నా దగ్గర. ఆమే ముందు లేచింది.

“మమ్మల్ని ఈడ నుంచి లేపేదానికేనా ఈ కాగితం?”

“కాదమ్మా. మీరు ఈడ ఉండారని తెలిసేదానికి. ఇన్నాళ్లూ కాగితంలో మీరు లేరు.”

“అయితే నీళ్లొస్తే మాకు ఎవురు సెప్తారు?” అని వసంతమ్మ అడిగింది.

ఆ ప్రశ్నతోనే పని మొదలైంది. తరగతి మారడంతో నిధులు వచ్చి, ఏళ్ల తరబడి బిగుసుకుపోయిన రెండో గేటు బాగుపడింది. కట్ట మీద సైరన్ పెట్టారు. వసంతమ్మ ఇల్లిల్లూ తిరిగి ఫోన్ నంబర్లు రాసుకుంది. నడవలేని వాళ్లెవరో, వాళ్లను మిట్ట మీది కల్యాణ మండపానికి ఎవరు మోయాలో తేల్చింది.

కార్తీకంలో తుఫాను పట్టింది. మూడో రోజు పొద్దున కట్ట అడుగున ఊట కనిపించింది.

“నీళ్లు మట్టిని తెస్తాండాయి మేడమ్,” అన్నాడు పీరా సాహెబు.

తేటనీళ్లయితే భయం లేదు. మట్టి వస్తుందంటే కట్ట లోపల కరుగుతున్నట్టే. ఏం చెయ్యాలో కోమలికి తెలుసు. సైరన్ మోగించి, వసంతమ్మకు ఫోన్ చేసి, అందరూ మిట్ట ఎక్కారని ఆమె చెప్పాక, కట్ట మీద నీటి ఒత్తిడి తగ్గేలా రెండు గేట్లూ ఎత్తించింది. నీళ్లు పోయినా మట్టి ఆగేలా ఊట మీద ఇసుక, దానిపైన కంకర పోయించింది. మధ్యాహ్నం మూడింటికి ఊటనీళ్లు తేటపడ్డాయి. కట్ట నిలబడింది.

మర్నాడు ఆమె ఊళ్లోకి వెళ్లేసరికి వసంతమ్మ ఇంట్లో బురద ఎత్తిపోస్తోంది. గేట్లు ఎత్తినందుకు అక్కడ మోకాటి లోతు నీళ్లు వచ్చిపోయాయి. కోమలి నొచ్చుకుంటూ ఏదో చెప్పబోయింది.

“అది కడిగితే పోతాది లేమ్మా,” అన్నది వసంతమ్మ. “కోళ్ల ఫారం కాడికి సైరన్ ఇనపళ్లేదు. మా ఆయన పరిగెత్తిపోయి సెప్పినాడు. ఆడ ఇంకోటి కావాల, రాసుకో.”

కోమలి ఆ బురదలోనే నిలబడి రాసుకుంది.