సున్నా వేసిన చోట

మహబూబాబాద్ దవాఖానలో కౌన్సెలర్ స్పందన పది ప్రశ్నల కాగితం తీసింది. ఏ సందర్భంలో తాగుడు రెండు గ్లాసుల దగ్గర ఆపగలనని ఎంత నమ్మకం? సున్నా నుంచి వంద లోపు చెప్పాలి.

దేవ్‌సింగ్ అన్నింటికీ ముప్పై అయిదే చెప్పాడు.

"అన్నిటికీ ఒకటేనా అన్నా?"

"పాసైతే సాలదా మేడం?"

పక్కనున్న భార్య సుక్కి నుదురు కొట్టుకుంది. "పదో తరగతి పరీక్షనా గిది? గదే తప్పినవ్ నువ్వు."

"పాస్, ఫెయిల్ లేవన్నా. నీ లోపలున్నది చెప్పు."

సుక్కి స్పందన వైపు తిరిగింది. "మంగళారం తండాల సీత్లా తల్లి పండుగ మేడం. ఆ దినం ఈయన తాగి పడ్డడంటే పిల్లల్ని తీస్కొని జనగామ మా అన్న కాడికి పోత. మళ్ల రాను."

ఈసారి దేవ్‌సింగ్ కళ్లు మూసుకున్నాడు. పెళ్లిలో యాభై. పత్తి ఏరడం అయిపోయిన రోజు నలభై. అమ్మవారికి సాక పోసే చోట ఆగిపోయాడు. సారా సగం నేల మీద ధారపోసి, మిగతాది ఇంటి పెద్ద తాగాలి. పదేళ్లుగా ఆ గ్లాసు అతనిదే, దాని తర్వాత ఆగిందే లేదు.

"సున్నా."

సుక్కి మొహం పాలిపోయింది. ఓడిపోతానని ముందే ఒప్పుకున్నాడు, అనుకుంది స్పందన.

మంగళవారం సుక్కి పిలిస్తే, స్పందన నెల్లికుదురు పక్కనున్న తండాకు వెళ్లింది. డప్పులు మోగుతున్నాయి. తండా పెద్ద అమర్‌సింగ్ నిండు గ్లాసు చాచాడు.

"పట్టురా."

దేవ్‌సింగ్ అందుకున్నాడు. సుక్కి సర్దిపెట్టుకున్న సంచి భుజానికెత్తింది.

అతను వెనక్కి తిరిగి, గ్లాసు ఆమె చేతిలో పెట్టాడు. "సాక నువ్వు పొయ్యి."

"ఆడది సాక పోస్తదారా!" అమర్‌సింగ్ అరిచాడు.

"తక్కినకాడ ఆగుతనేమో కాకా. గీడ ఆగలేను. కాగితం మీద గదే రాయించిన."

డప్పులు ఆగాయి. సుక్కి పోసింది. సగం దగ్గర ఆగలేదు, చివరి చుక్క దాకా పోసింది. నేల పీల్చేసింది.

అమర్‌సింగ్ ఖాళీ గ్లాసు వైపు చాలాసేపు చూశాడు. "పదేండ్లకు అమ్మకు నిండు గ్లాసు ముట్టింది," అన్నాడు మెల్లగా.

సుక్కి సంచి దించింది.

పెద్ద అంకెలు చెప్పినవాళ్లే గట్టివాళ్లని స్పందన నాలుగేళ్లుగా నమ్మింది. ఇక్కడ సున్నా చెప్పినవాడు ఆగాడు.

దేవ్‌సింగ్ చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "మేడం, ఆ సున్నా మార్చుండ్రి."

"ఎంత వెయ్యమంటావన్నా?"

అతను సారాతో తడిసిన నేలను చూస్తూ, చాలా జాగ్రత్తగా ఆలోచించాడు.

"నూటికి రెండు."