క్లేర్‌కీ సొలాంజ్‌కీ మధ్య

లూయీ ఉలి మొనను ఎడమ బొటనవేలి గోటి మీద ఆనించి చూశాడు. జారలేదు, పట్టుకుంది. పదునెక్కిందన్నమాట. ఆ గోరు నిండా ఇలాంటి గాట్లే. ఇసుక నింపిన తోలుదిండు మీద వెండి గ్లాసును పడుకోబెట్టి, దాని పొట్టకు తెల్లరంగు పూసి, పెన్సిలుతో అక్షరాలు దిద్దసాగాడు.

రేపు ఆదివారం దెలోర్మ్ గారి మనవరాలికి బాప్తిస్మం. నెవేర్ పట్నంలో పేరున్న ఇళ్ళ పిల్లలందరికీ ఇలాంటి గ్లాసు ఉంటుంది. భోజనాల బల్ల దగ్గరే పెట్టె విప్పుతారు. గ్లాసు చేతులు మారుతుంది. ఒక్కొక్కరూ దాని మీద పేరు పైకి చదివి, ఓ గుక్క వైను తాగుతారు. ఆ రోజు అందరి నోటా పడిన పేరే ఆ పిల్లకు ఖాయం. ఆ తర్వాత గ్లాసు అద్దాల బీరువాలో నిలబడుతుంది. ఊళ్ళో సగం గ్లాసులు లూయీ చెక్కినవే. వాటి మీద పేర్లున్నవాళ్ళలో ఒక్కడూ ఆ వెండికి తగినవాడు కాలేదని అతని నమ్మకం. వాళ్ళందరినీ అసహ్యించుకుంటూనే బతికాడు. ఒక్కరికీ ఎదురు చెప్పలేదు.

"చిన్న లూయీ, మదాం దెలోర్మ్ వచ్చారు. లే," అన్నాడు యజమాని ఫాల్కో తలుపు తోసి.

చిన్న లూయీకి అరవై దాటాయి. ఒకప్పుడు ఆ పనిగదిలో ఇంకో లూయీ ఉండేవాడు. అతను పోయినా 'చిన్న' పోలేదు. తల్లి పెట్టిన పేరు లూయీ-ఆంబ్రోజ్. బళ్ళో మాస్టారు అంత పొడుగు పిలవలేక మధ్య గీత తీసేశాడు. గీతతో పాటే ఆంబ్రోజ్ కూడా పోయాడు. గీత లేని రెండో పేరు అటకెక్కిన సామానే. ఉందని తెలుసు, ఎవరూ దింపరు.

మదాం దెలోర్మ్ కళ్ళద్దాలు పెట్టుకుని గ్లాసు మీదికి వంగి చదివింది.

"క్లేర్. సొలాంజ్. మధ్యలో ఏమీ లేదుగా?"

"లేదు మేడమ్."

"గీత ఉంటే రెండూ కలిపి పిలిచి చావాలి. గీతల పేర్లు క్షవరం షాపుల వాళ్ళకి. క్లేర్ నా పేరు, అది చాలు. రెండోది కోడలు ఏడుస్తోందని ఉంచాం. పడుంటుంది ఓ మూల."

"మీ ఇంటి పిల్లకి ఒక్క పేరైనా ఘనమే మేడమ్," అని ఫాల్కో ఇకిలించాడు.

"సాయంత్రం వస్తాను."

"అలాగే మేడమ్," అన్నాడు లూయీ.

మధ్యాహ్నం ఫాల్కో భోజనానికి ఇంటికెళ్ళాడు. లూయీ పనిబల్ల దగ్గరే రొట్టె, సాసేజీ ముందేసుకున్నాడు. పొద్దుటి నుంచి ఎడమ చెయ్యి లాగుతోంది. సంచీ మోసినందుకనుకున్నాడు. వెనక తలుపు చప్పుడైంది. భుజం మీద నిద్రపోతున్న పసిపిల్లతో ఓ యువతి.

"లూయీ-ఆంబ్రోజ్ గారు మీరే కదండీ?"

రొట్టె నోట్లోనే ఆగిపోయింది. "ఆ పేరుగలవాడు ఇక్కడెవడూ లేడు."

"నేను మిరేయ్‌ని. దెలోర్మ్ గారి కోడల్ని. ఆస్పత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసే సొలాంజ్ మా అమ్మ. మీ వీధే. మిమ్మల్ని ఎప్పుడూ అలాగే అనేది."

లూయీకి గుర్తుంది. మొన్న వసంతంలో ఆవిడ పోయిందని విన్నాడు. పనుందని సాకు చెప్పుకుని అంత్యక్రియలకు వెళ్ళలేదు.

"పిల్ల పేరు నమోదులో గీత పెట్టించి వస్తానని మా ఆయన టౌన్‌హాలుకి బయల్దేరాడు. వాళ్ళమ్మ వెంట వెళ్ళింది. ఇంకేముంది, గీత లేకుండా వచ్చాడు. గ్లాసు మీదైనా ఉంటే రేపు అందరూ కలిపి చదువుతారండీ. లేకపోతే పులుసు వడ్డించేలోపే మా అమ్మ పేరు పోతుంది."

"డబ్బిచ్చింది ఆవిడ. మీ అత్తగారితో మీరే చెప్పుకోండి."

"చెప్పలేను."

"చెప్పలేనివాళ్ళకి గీతలెందుకు?"

ఆ మాట తనకూ తగులుతుందని తెలుసు. అందుకే మరీ కరుగ్గా అన్నాడు.

ఆమె పిల్లను ఇంకో భుజానికి మార్చుకుంది. "వస్తానండీ, లూయీ-ఆంబ్రోజ్ గారూ," అని, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయింది.

మూడు దాటేసరికి రెండు పేర్లూ చెక్కడం అయిపోయింది. తెల్లరంగు తుడిచాడు. వెండి మీద క్లేర్, సొలాంజ్. మధ్యలో బోసి జాగా. రేపు ఆ బల్ల చుట్టూ చేరే లావుపాటి చేతులూ, తడి పెదవులూ కళ్ళకు కట్టాయి. "పులుసు వడ్డించేలోపే," అనుకున్నాడు.

ఉలి మొనను ఆ జాగాలో ఆనించాడు. రంగు పూయలేదు, కొలత చూడలేదు. ఒక్క తోపు. తుమ్మినంతసేపు కూడా పట్టలేదు. జన్మలో చేసిన ఒకే ఒక ధిక్కారం, అదీ ఎదుట ఎవరూ లేనప్పుడు. వీరుణ్ణని అతనూ అనుకోలేదు. కానీ వెండి మీద గీత ఇక పోదు. అరగదీస్తే సొట్ట పడుతుంది, సొట్ట గ్లాసును మదాం దెలోర్మ్ చర్చి ఫాదర్ గారి ముందు పెట్టించదు.

చెయ్యి మరీ లాగుతోంది. కాసేపు ఒరుగుదామని కుర్చీలో వెనక్కి వాలాడు.

"చిన్న లూయీ, మేడమ్ వచ్చారు," అన్నాడు ఫాల్కో సాయంత్రం తలుపు తోసి.

లోపలికి వచ్చిన ఫాల్కో వాలిన తలను చూశాడు. ముందుగా అందుకున్నది గ్లాసు. పని అయిందో లేదో చూడాలిగా. రెండు పేర్లూ ఉన్నాయి. అంతవరకే చూశాడు. ఆ తర్వాత చెంప తాకాడు. చల్లగా ఉంది.

"ఏమైంది?" అంది మదాం దెలోర్మ్ గుమ్మంలోంచి.

"పోయాడు మేడమ్."

ఆమె చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "మరి నా గ్లాసు?"

"అయిపోయింది మేడమ్."

"పెట్టెలో పెట్టి ఇచ్చెయ్. శవం పక్కన నిలబడి చూడమంటావా? రేపు బల్ల దగ్గర చూస్తాంలే."

ఫాల్కో పెట్టెకు రిబ్బను ముడేసి ఇచ్చి, డాక్టరు కోసం వెళ్ళాడు.

తోలుదిండు మీద గ్లాసు పడుకున్న గుంట ఇంకా పూడలేదు. అందులో కనురెప్ప వెంట్రుకంత వెండి తునక ఒకటి, చివర చుట్టుకుని.