బిష్ అంటే ఇరవై

గోధుమ కిందపడితే ముందు పావురాలది, తర్వాత ఎలుకలది, చివరికి పోలమ్మది. గూడ్స్ షెడ్డులో ఆ వరస తప్పదు. నడుం వంచి ఊడ్చి, చేటతో చెరిగి, దుమ్ము పోయేదాకా నోటితో ఊదుతుంది. మొగుడు పోయినప్పటి నుంచి ఆమె కడుపు నింపుతున్నది ఆ చేటే.

ఆ పొద్దున బెంగాలీ చౌకీదారు దూరం నుంచి కేకేశాడు.

"ఓదికే బిష్ ఆఛే, మాశీ!"

బిష్ అంటే ఇరవై. అటు ఇరవై బస్తాలు దిగాయన్నమాట. "ఠీక్ హై, దాదా!" అని పోలమ్మ హుషారుగా అటే నడిచింది. గోడవార గోధుమలు కుప్పలుగా ఉన్నాయి, కాస్త ఎర్రగా. సంచి రంగు అంటిందేమో అనుకుంది. ఒక్క పావురమూ వాలలేదు. ఇవాళ వరసలో తనే ముందని మురిసిపోయింది, పిచ్చిది.

న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో పోలమ్మ పక్కింటి దోర్కాకు ఏడో నెల. రొట్టెలంటే ప్రాణం. పోలమ్మ ఆమెకు చిన్న డబ్బా నిండా గోధుమలిచ్చి పిండిమిల్లుకు పంపింది. ఓ గుప్పెడు తన కోడిపెట్టకు చల్లింది. అది పెట్టే గుడ్డు కూడా రోజూ దోర్కాకే.

మధ్యాహ్నం దోర్కా మొగుడు కృపారావు షెడ్డులో కూలిపని ముగించుకుని వచ్చాడు. పోలమ్మ గుమ్మంలో రాలిన గింజలు చూసి ఆగాడు.

"ఇయ్యాల గూడ్సు బండే రాలేదు గదత్తా. ఇవెక్కడివి?"

"ఇరవై బస్తాలు దిగినాయి గదరా. సౌకీదారు బిష్ అన్నాడు."

కృపారావు మొహం పాలిపోయింది. "ఇరవై కాదత్తా, విషం! బెంగాలీలో రెండూ ఒకేలాగుంటాయి. ఎలకలకెట్టినారు."

పోలమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. మిల్లువాడు అప్పుడే డబ్బా పైకెత్తుతున్నాడు. "రోకో! రోకో!" మిల్లు మోతలో ఆ గొంతు ఎవరికి వినబడుతుంది? మీదపడి లాగింది. గింజలన్నీ నేలపాలయ్యాయి.

"ఏటత్తా, పిచ్చెక్కినాదా?" అని దోర్కా అరిచింది.

"తినకే తల్లీ! నా సేతుల్తో నేనే సంపేద్దును!" పోలమ్మ ఆమె కడుపు మీద చెయ్యి వేసి, ఆ బిడ్డ కదిలేదాకా తియ్యలేదు.

ఇంటికొచ్చేసరికి పెట్ట మంచం కింద మెడ వాల్చేసి ఉంది. ఎప్పుడు పోయిందో! పోలమ్మ దాన్ని ఒళ్లో వేసుకుని ఏడ్చింది. ఆ ఇంట్లో ఆమె మాటకు బదులు పలికేది అదొక్కటే.

గోనెగుడ్డ మీద ఆనాటి గుడ్డు ఇంకా వెచ్చగానే ఉంది.