రఘుపతి నడిపిన వాటర్ స్కూటర్

ధనసుఖ్ టెంపో వెనక తగిలించి తెచ్చిన వాటర్ స్కూటర్‌ని మగ్గాల పనికి వలస వచ్చిన తెలుగువాళ్లుండే బమ్రోలిలో ఆగయ్య ఇంటి ముందు ఆపాడు. ఆగయ్య భార్య ఎల్లవ్వ గడపలోనే నిలబడిపోయింది. కొడుకు రఘుపతి పోయాక ఆమె ఆ బండిని చూడడం అదే మొదటిసారి.

రఘుపతి, అతని స్నేహితుడు ధనసుఖ్ కలిసి దమన్‌లో ఎవరో వాడిన ఆ బండిని కొన్నారు. సెలవు రోజుల్లో హజీరా అవతల సముద్రపొడ్డున జనాన్ని ఎక్కించుకుని తిప్పేవారు. పోయిన ఎండాకాలం ఒక పిల్లవాడు అలల్లో కొట్టుకుపోతుంటే రఘుపతి గబగబా బండెక్కి మీట నొక్కాడు. ఇంజను మూలిగింది గాని అంటుకోలేదు. మళ్లీ నొక్కాడు. ఇక ఆగలేక నీళ్లలోకి దూకాడు. ధనసుఖ్ విసిరిన తాడు దాకా పిల్లవాణ్ణి తోసుకొచ్చాడు. తను మాత్రం ఒడ్డుకు రాలేదు.

దినాల నాడు బంతిలో కూర్చుని ఎవరో అన్నారు, బ్యాటరీకి ఛార్జింగు పెట్టుకోలేదట, ఆ నిర్లక్ష్యమే వాడి ప్రాణం తీసిందని. ఆ మాట మగ్గాలు నడిచే షెడ్లు, ఆ ఖాతాల దాకా పాకింది. ఎల్లవ్వ గుండెలో ముల్లులా దిగిపోయింది.

ఆగయ్య మగ్గాల మోటార్లు బాగు చేస్తూనే జుట్టు నెరిసిన ఫిట్టరు. అయినా ఇన్నాళ్లూ ఆ బండి జోలికి పోలేదు.

"కాకా, రఘు లేకుండా నాకు ఆ పని చేయబుద్ధి కావడం లేదు. అమ్మేద్దామంటే స్టార్ట్ కావట్లేదు" అన్నాడు ధనసుఖ్ హిందీలో, తల వంచుకుని.

వద్దందామని ఆగయ్య నోరు తెరిచాడు. అంతలో ఎల్లవ్వ అంది. "చూడయ్యా. దానికి ఏమైందో నాకు ఎరుక గావాలె."

ఆగయ్య సీటు ఎత్తాడు. లోపలికి నీళ్లు పోయి ఇంజను బిగుసుకుందేమోనని ముందు ప్లగ్గులు విప్పి చూశాడు. చుక్క నీరు లేదు. చేత్తో తిప్పితే ఇంజను బాగానే తిరిగింది. ప్లగ్గులు బిగించి బ్యాటరీకి మీటరు పెట్టాడు.

"దీనికి ఛార్జింగు పెట్టినవా?"

"నిన్న పెట్టాను. కొత్త బ్యాటరీయే కాకా. ఇంజను మెల్లగా తిరుగుతోందని రఘుయే తెచ్చి వేశాడు. ఆ పొద్దున కూడా ఛార్జింగు మీంచే తీసుకొచ్చాడు. నేను చెప్పినా ఎవరూ వినలేదు."

ఎల్లవ్వ తల ఎత్తి అతని వైపు చూసింది.

ధనసుఖ్ మీట నొక్కాడు. ఇంజను బరువుగా, ఈడ్చుకుంటున్నట్టు తిరిగింది. అయినా బ్యాటరీ దగ్గర మీటరు ముల్లు పెద్దగా పడలేదు. బ్యాటరీలో దమ్ముంది, అది ఇంజను దాకా చేరడం లేదంతే. ఆగయ్య మీటరు వైరు ఒకటి బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజను ఇనుము మీద ఆనించి మళ్లీ నొక్కమన్నాడు. కదలకూడని ముల్లు పైకి లేచింది. ఆ రెంటి మధ్య ఉన్న నల్ల తీగ వేలికి వెచ్చగా తగిలింది. కరెంటు అందులోనే ఆగిపోతోంది.

ఆ తీగ ఇంజనుకు బిగించిన చోట రబ్బరు తొడుగు వెనక్కి లాగాడు. ఉప్పునీటికి రాగి పచ్చగా చివికి, బోల్టు చుట్టూ తెల్లటి పెచ్చు కట్టింది.

గీకి, గరుకు కాగితంతో రుద్ది, కొత్త తీగ బిగించాడు. మీట తనే నొక్కాడు. బండి ఒక్క తాకుడుకే అంటుకుంది. ఆ చప్పుడుకు ఎల్లవ్వ గోడ పట్టుకుంది. ఆగయ్య వెంటనే ఆపేశాడు.

"జరసేపు ఉండనియ్యి" అందామె.

"నీళ్లు లేకుంట నడిస్తే ఇంజను కాలిపోతదే."

ఆమె దగ్గరికొచ్చి, నేల మీద పడున్న పాత తీగను చూసింది. "గిదేనా?"

"గిదే. బ్యాటరీ మంచిగనే ఉన్నది. మెల్లగ తిరిగేది చూసి బ్యాటరీ పోయిందనుకున్నడు పోరడు. ఎవ్వలైనా ముందు గట్లనే అనుకుంటరు."

"ఇది ముందుగాలనే కనవడితే?"

ఆగయ్య చేతులు తుడుచుకున్నాడు. అబద్ధం చెప్పాలనిపించింది, నోరు రాలేదు.

"దుంకే పని వడకపోవు. బతుకుతుండె."

ఎల్లవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నింద పోయింది. దాని చోట అంతకన్నా బరువైనదేదో వచ్చి కూర్చుంది. ధనసుఖ్ వైపు తిరిగింది.

"అమ్మెయ్యి బిడ్డా. కొనేటాయనకు గీ తీగ ఏడుంటదో చెయ్యి వట్టి చూపియ్యి. ఎప్పుడన్న మెల్లగ తిరిగితే ముందుగాల ఇదే చూడుమను."

అతను తల ఊపి, కళ్లు తుడుచుకుని టెంపో ఎక్కాడు.

బండి సందు మలుపు తిరిగాక ఆగయ్య పానాలు ఏరడానికి వంగాడు. మళ్లీ లేవలేకపోయాడు. కొడుకు పోయిన నాటి నుంచి అందరికీ ధైర్యం చెప్పిన మనిషి, అక్కడే చతికిలబడి ఏడ్చాడు. ఎల్లవ్వ వచ్చి పక్కన కూర్చుని, నూనె మరకల చేతిని తన ఒళ్లోకి తీసుకుంది.