రెండు నీడల దుబాసీ

పొద్దున్నే ఆస్పత్రికి రాగానే దుబాసీ వరండా చివర తన బల్ల దగ్గర కూర్చుని, టీ ఊదుకుంటూ, ఎవరు పిలుస్తారా అని ఒక చెవి వార్డు వైపు పడేసి ఉంచేది. ఆస్పత్రి ఏటికి ఈవలి ఒడ్డున ఉంది. డాక్టర్లూ నర్సులూ ఈవలి వాళ్ళు. రోగుల్లో సగం మంది వంతెన దాటి వచ్చే ఆవలి వాళ్ళు. వీళ్ళ భాష వాళ్ళకి రాదు, వాళ్ళ భాష వీళ్ళకి రాదు. మధ్యలో ఆవిడ.

ఆ ఊళ్ళో తప్పు చేసిన మనిషి నీడ కూర్చుండిపోతుంది. మనిషి నిలబడే ఉంటాడు, నీడ మాత్రం కాళ్ళ దగ్గర మోకాళ్ళు ముడుచుకుని చతికిలబడుతుంది. తప్పు దిద్దుకుంటే లేస్తుంది. ఒక్కోసారి దిద్దుకోకపోయినా, కూర్చుని కూర్చుని విసుగుపుట్టి అదే లేస్తుంది. సంతలో జనం మొదట అమ్మేవాడి నీడను చూసి, ఆ తర్వాతే కాయలు ఏరుకుంటారు. అయితే ఏది తప్పో నీడ తనంతట తాను కనిపెట్టదు. పెంచినవాళ్ళ దగ్గర నేర్చుకుంటుంది.

దుబాసీ తల్లి ఆవలి మనిషి, తండ్రి ఈవలి మనిషి. అందుకని ఆవిడకి రెండు నీడలు. చిన్నప్పుడు అన్నం దగ్గరే పెద్ద తంటా వచ్చేది. కంచం ఊడ్చి తింటే అమ్మ వైపు నీడ కూలబడేది. ఆవలి ఇళ్ళలో అది, ‘నాకు సరిపడా పెట్టలేదు’ అని వండినవాళ్ళని ఎత్తిపొడవడం. ఒక ముద్ద వదిలేస్తే నాన్న వైపు నీడ కూలబడేది. ఈవలి ఇళ్ళలో అది వండినవాళ్ళ కష్టాన్ని పారబోయడం. “ఏదో ఒకటి తేల్చుకుని ఏడువవే!” అని నానమ్మ విసుక్కునేది. పిల్ల తేల్చుకోలేదు. పెద్దదై, ఇద్దరి మధ్యా మాటలు మోసే ఉద్యోగం చూసుకుంది. వీళ్ళన్నది వాళ్ళకి, వాళ్ళన్నది వీళ్ళకి. తన సొంతానికి ఏమీ అనక్కర్లేదు. రెండు నీడలూ హాయిగా నిటారుగా నిలబడేవి. ఎవరైనా నీ ఉద్దేశం ఏమిటని అడిగితే, “ఎవరి న్యాయం వాళ్ళది” అని టీ ఊదుకునేది.

అలాంటి రోజుల్లో ఆవలి ఒడ్డు నుంచి కుర్చీలు అల్లే పెద్దాయన కడుపులో గడ్డతో వచ్చాడు. పక్కన భార్య. డాక్టరమ్మ వయసులో చిన్నదే గానీ చెయ్యి తిరిగిన మనిషి. పరీక్షలన్నీ చూసి దుబాసీని పక్కకి పిలిచింది.

“గడ్డ తీయొచ్చు అక్కా. తీస్తుండగానే ప్రాణం పోయినా పోవచ్చు. తీయకపోతే వానలదాకా కూడా ఉండడు. ఈ సంగతంతా ఆయనకి చెప్పు. తెలిసి ఊఁ అంటేనే నేను కత్తి పడతాను.”

మంచం దాకా వెళ్ళకముందే, మొహం చూసి సంగతి పసిగట్టిన పెద్దాయన భార్య దుబాసీ చెయ్యి పట్టుకుని గుమ్మం అవతలికి లాక్కుపోయింది.

“చెప్పకు తల్లీ. పోయే మనిషికి పోతావని మనవాళ్ళు చెప్పరు. నీకు తెలీనిదా? ఆ బరువు మొయ్యడానికే కదా ఇంట్లో మేమున్నది! చెప్పావంటే ఆయన బతకడం మానేసి రోజులు లెక్కపెట్టుకుంటాడు.”

దుబాసీ అలవాటు ప్రకారం ఆ మాట తీసుకెళ్ళి డాక్టరమ్మకి అప్పజెప్పింది. “ఆయన ఒంట్లో ఏముందో ఆయనకి చెప్పకుండా కోస్తే, నిద్రపోతున్నవాడి ఇంట్లో దూరినట్టే. నావల్ల కాదు” అంది డాక్టరమ్మ. ఆ మాట పెద్దావిడ దగ్గరికి వచ్చింది. “ముందు భయంతో చంపి, తర్వాత బతికిస్తుందటా?” అంది పెద్దావిడ. అదీ వెనక్కి వెళ్ళింది. వారమంతా ఇదే వరస. ఎవరి మాట వింటుంటే వాళ్ళదే నిజమనిపించేది దుబాసీకి. పెద్దాయన మాత్రం రోజురోజుకీ పక్కలో పల్చబడిపోతున్నాడు.

చివరికి డాక్టరమ్మ విసిగిపోయింది. “ఇంక ఇంటికి తీసుకెళ్ళమని చెప్పెయ్ అక్కా.”

దుబాసీ మంచం దగ్గరికి వెళ్ళింది. కిటికీలోంచి సాయంత్రపు ఎండ పడుతోంది. పెద్దావిడ కమలాపండు ఒలుస్తోంది. ఇంటికి వెళ్ళమన్న మాట దుబాసీ నాలిక మీదికి వచ్చి అక్కడే ఆగిపోయింది. పెద్దాయన దుబాసీ మొహంలోకే చూస్తున్నాడు. ఈ వారంలో తనని అందరూ అన్నీ అడిగారు, ఆయన్ని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదని అప్పుడు తట్టింది దుబాసీకి.

“పెద్దనాన్నా, నీ జబ్బు గురించి ఒక మాట ఉంది. వినాలని ఉందా? వద్దా? వింటే ఎంతవరకు చెప్పమంటావు?”

అది డాక్టరమ్మ పంపిన మాట కాదు, పెద్దావిడ పంపిందీ కాదు. ఆవలి వాళ్ళకి అలా అడిగితే చెప్పేసినట్టే. ఈవలి వాళ్ళకి, వద్దనే వీలు ఇస్తే దాచినట్టే. రెండు నీడలూ ఒకేసారి నేల మీద కూలబడ్డాయి. దుబాసీకి ఒళ్ళు తేలికైపోయి, తనెక్కడ నిలబడిందో కాసేపు తెలియలేదు.

“నీ నోరు పడిపోనూ!” అంది పెద్దావిడ. కమలాపండు మంచం కిందికి దొర్లిపోయింది.

పెద్దాయన చెయ్యెత్తి భార్యని ఆపాడు.

“అడిగావంటే చిన్న కబురు కాదన్నమాట. కోస్తారా?”

“కోస్తారు.”

“కోసేటప్పుడు పోవచ్చా?”

“పోవచ్చు పెద్దనాన్నా.”

“అంతవరకు చాలు. కోయకపోతే ఏమిటన్నది నాకొద్దు. అది మా ఆవిడ దగ్గర ఉండనీ, కావాలంటే నేనే అడిగి పుచ్చుకుంటా. కోయమను.”

పెద్దావిడ ఆయన పాదం గట్టిగా పట్టుకుని మొహం అటు తిప్పుకుంది.

డాక్టరమ్మ అంతా విని నొసలు చిట్లించింది. “సగం తెలుసుకుని ఊఁ అంటే అది ఊఁ అన్నట్టేనా? ఇంతకీ ఇది ఆయన మాటా, నువ్వు కల్పించిందా?”

“జవాబు ఆయనదే. ప్రశ్న మాత్రం నా సొంతం, డాక్టరమ్మా.”

డాక్టరమ్మ నేల వైపు చూసింది. రెండు నీడలూ పక్కపక్కనే కూర్చుని ఉన్నాయి. అవి రెండూ ఒకేసారి కూర్చోగా ఆస్పత్రిలో ఎవరూ చూసి ఎరగరు.

“సరే. రేపు పొద్దున.”

ఆ మాట అంటుండగానే ఆమె నీడ కూడా కూర్చుండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి కాబోలు, పాపం, ఏదో కాలికి తట్టుకున్నట్టు తడబడుతూ వెళ్ళింది.

ఆపరేషన్ గదిలో నడినెత్తిన ఒకటే పెద్ద దీపం. డాక్టరమ్మ ఎప్పుడు ముందుకి వంగినా ఆమె తల నీడ సరిగ్గా కోసినచోటే పడేది. వేళ్ళతో తడుముకుంటూ పని కానివ్వడం ఆమెకి అలవాటైపోయింది. ఆ పొద్దున మాత్రం నీడ ఆమె కాళ్ళ దగ్గరే కూర్చుని ఉంది. ఆమె వంగినా అది వంగలేదు. కడుపు లోపలంతా పొద్దెక్కిన పెరడులా తేటగా కనిపించింది. గడ్డని పైకి తీశాక, దాని వెనక దారంపోగులా సన్నగా పాకిపోయిన ఇంకొకటి బయటపడింది. డాక్టరమ్మ దాన్ని కొస దాకా విప్పి తీసేసింది.

వానలు మొదలై, ఒకరోజు తెరిపిచ్చినప్పుడు పెద్దాయన్ని ఇంటికి పంపేశారు. వరండాలో పెద్దావిడ దుబాసీ ముందు ఆగింది.

“ఇంతకీ నువ్వు మా పిల్లవా, వాళ్ళ పిల్లవా? తిట్టాలంటే ఎవరి తిట్లు తిట్టాలో తెలియొద్దూ!”

“రెండు రకాలూ తిట్టు పెద్దమ్మా.”

పెద్దావిడ నవ్వాపుకుని, మొగుడి మోచెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. దుబాసీ వాళ్ళనే చూస్తూ నిలబడింది. వంతెన సగంలో పెద్దాయన ఆగి భార్యని ఏదో అడిగాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆయన మళ్ళీ అడిగాడు. తప్పిపోయిన గండం పేరైనా సరే, ఆవలి వాళ్ళు ఎత్తరు. ఆవిడ ఏటి వైపు తిరిగి, తన దగ్గర ఉంచుకున్న ఆ మాట చెప్పింది. చెప్పీ చెప్పగానే ఎండలో ఆవిడ నీడ వంతెన మీద కూర్చుండిపోయింది.

పెద్దాయన ముందుకి నడవలేదు. వెనక నుంచి సైకిళ్ళు బెల్లు కొడుతున్నా పక్కకి జరగకుండా, ఆ నీడ లేచేదాకా భార్య పక్కనే నిలబడి ఉన్నాడు.